బిళ్లలు మింగిన ఆట: నిజమెంత?

అన్నలారా, 1978లో జపాన్‌లో టైటో కంపెనీ 'స్పేస్ ఇన్వేడర్స్' అనే ఆట మిషన్ తెచ్చింది. తయారుచేసినాయన తొమొహిరో నిషికాడో. నూరు యెన్ల బిళ్ల వేస్తేనే ఆట. జనం ఎగబడి ఆడినారు. దాంతో దేశంలో ఆ బిళ్లలకే కరువొచ్చిందని కథ పుట్టింది. ఇప్పటికీ చెప్తానే ఉంటారు.

అది ఉత్త మాట. మిషన్‌లో పడిన బిళ్ల అక్కడే ఉండిపోదు. యజమాని పెట్టె తెరిచి బ్యాంకులో కడతాడు, మళ్లా అంగళ్లకే వస్తుంది. నిజంగా కరువుంటే సర్కారు ఎక్కువ కొట్టించాల కదా? 1977లో కంటే 1978, 1979లో తక్కువే ముద్రించినారు.

మన దగ్గరా పది రూపాయల బిళ్ల చెల్లదన్నారు. 14 రకాలూ చెల్తాయని 2018లో రిజర్వ్ బ్యాంకే చెప్పింది. అయినా కొన్ని అంగళ్లలో తీసుకోలేదు. ఇట్లాంటి పుకారుతో నష్టపోయేది చిల్లర మూటగట్టుకొని సంతకు పోయే మనమే. ఎవరన్నా వద్దంటే ఈ మాట చెప్పండి.