చాండ్లర్‌లో ఫ్రీవే మూస్తే ఆ రద్దీ ఎక్కడికి పోతుంది?

ఇండియా నుంచి అమ్మానాన్నలు దిగేది, పిల్లల పోటీలు, గుడి, పుట్టినరోజు పార్టీలు... మనకు అన్నీ వారాంతంలోనే. అరిజోనా రవాణా శాఖ ఫ్రీవేలు మూసేదీ ఎక్కువగా అప్పుడే. సోమవారం ఆఫీసుల వేళకి రోడ్డు తెరవాలి కాబట్టి చాలాసార్లు శుక్రవారం రాత్రి 10కి మూసి, సోమవారం తెల్లవారుజామున 4కి తెరుస్తారు.

ఇందుకు పెద్ద ఉదాహరణ ఐ-10 బ్రాడ్‌వే కర్వ్. లూప్ 202 నుంచి ఐ-17 వరకు 11 మైళ్ల ఈ విస్తరణ 2021లో మొదలై 2024లో పూర్తయింది. చాండ్లర్ నుంచి స్కై హార్బర్ ఎయిర్‌పోర్ట్‌కి చాలామంది వెళ్లే దారి ఇదే కావడంతో ఆ మూడేళ్లూ ఎన్నో వారాంతాలు చుట్టు తిరగాల్సి వచ్చింది.

భారం ఎవరి మీద?

చాండ్లర్ పెద్ద రోడ్లు మైలుకొకటి చొప్పున గళ్లుగా ఉంటాయి: ఎలియట్, వార్నర్, రే, చాండ్లర్ బులెవార్డ్; అడ్డంగా డాబ్సన్, ఆల్మా స్కూల్, అరిజోనా అవెన్యూ. గోడల మధ్య ఉండే కాలనీల్లోంచి అవతలికి దారి ఉండదు. అందుకే ఫ్రీవే మూస్తే రద్దీ అంతా ఈ కొద్ది రోడ్ల మీదే పడుతుంది. మామూలు రద్దీకి సరిపోయే సిగ్నళ్ల దగ్గర ఎడమ మలుపు లైన్లు నిండి, నేరుగా వెళ్లేవారినీ ఆపేస్తాయి. ఇంటి దగ్గరి కిరాణా షాపుకి వెళ్లిరావడమే పెద్ద పనవుతుంది. కారు నడపని పెద్దవాళ్లు మరీ ఇబ్బంది పడతారు.

ఏం చేయాలి?

* బయల్దేరే ముందు ఏజెడ్ 511 సైట్ చూడండి, లేదా 511కి ఫోన్ చేయండి.
* ఐ-10 మూస్తే ఎయిర్‌పోర్ట్‌కి లూప్ 101 మీద ఉత్తరంగా వెళ్లి, లూప్ 202 రెడ్ మౌంటెన్ ఫ్రీవే మీద పడమరకు తిరగండి.
* పశ్చిమ ఫీనిక్స్ వైపు వెళ్లేవారికి 2019 డిసెంబరులో తెరిచిన సౌత్ మౌంటెన్ ఫ్రీవే ఉంది.

ఈ పనులకు ముఖ్యమైన ఆధారం మారికోపా కౌంటీలో మనం కొనే వస్తువులపై పడే అర సెంటు అమ్మకపు పన్ను. ఓటర్లు దీన్ని 1985లో ఆమోదించి, 2004లో, 2024లో మరో ఇరవయ్యేసి ఏళ్లు పొడిగించారు. అంటే మూసివేతలు ఇప్పట్లో ఆగవు. ఊరి నుంచి పెద్దవాళ్లకి టికెట్ బుక్ చేసినప్పుడే కాదు, వాళ్లు దిగే వారం కూడా రోడ్ల సంగతి చూసుకోవడం మంచిది.