పెండ్లి క్యాసెట్ నుండి యూట్యూబ్ దాకా: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంత దృశ్యచరిత్రలో వీడియో మార్పిడి సమస్యలు

వ్యాససంగ్రహం:
జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల సామాజిక చరిత్రకు పెండ్లి వీడియోలు విలువైన ఆధారాలు. క్యాసెట్ కాలం నుండి నేటివరకు వీడియో పలుమార్లు రూపం మార్చుకుంది. ఈ మార్పిడిలో తలెత్తే దోషాలకు ఆయా కాలాల సాంకేతిక ప్రమాణాల్లోనే మూలాలున్నాయని, వాటిని గుర్తించకుండా వీడియోను చారిత్రకాధారంగా స్వీకరించడం సరికాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: పెండ్లి వీడియో, గల్ఫ్ వలస, పాల్ ప్రమాణం, ఎన్‌కోడింగ్, మిక్సింగ్.

1. ఉపోద్ఘాతం:
ఈ మూడు పట్టణాలు 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజన వరకు కరీంనగర్ జిల్లాలో ఉండేవి. గల్ఫ్ వలస ఈ ప్రాంత జీవనాన్ని దశాబ్దాలుగా ప్రభావితం చేస్తున్నది. సిరిసిల్ల నేతకార్మికులు భివండి, సూరత్ వంటి కేంద్రాలకు కూడా వలస వెళ్ళారు. ఇంటి పెండ్లికి రాలేని వలసజీవి దానిని చూడగలిగింది వీడియోలోనే. మైలపోలు, ఎదురుకోళ్ళు, ఒడిబియ్యం, బరాత్ సందర్భాల్లోని మాటతీరు, పాట, బంధుమర్యాదలు రాతపత్రాల్లో అరుదుగా కనిపిస్తాయి. అందువల్ల ఈ క్యాసెట్ల మార్పిడి చరిత్రకారులకు సంబంధించిన విషయం కూడా.

2. క్యాసెట్ దశ:
జపాన్‌కు చెందిన జె.వి.సి. సంస్థ 1976లో వి.హెచ్.ఎస్. పద్ధతిని విడుదల చేసింది. భారతదేశంలో 1982లో మొదలైన రంగుల ప్రసారం పాల్ ప్రమాణాన్ని అనుసరించింది. ఇందులో 625 గీతలు, సెకనుకు 25 ఫ్రేములు ఉంటాయి. ప్రతి ఫ్రేము సరి, బేసి గీతలుగా రెండు ఫీల్డులుగా విడిపోతుంది. యు.ఎ.ఇ., ఒమన్, ఖతార్, కువైట్ దేశాలదీ పాల్ పద్ధతే కనుక ఇక్కడి క్యాసెట్ అక్కడ నేరుగా ఆడుతుంది. అమెరికాలో 525 గీతలు, దాదాపు 30 ఫ్రేముల ఎన్.టి.ఎస్.సి. పద్ధతి ఉండడం వల్ల, బహుళ ప్రమాణాల వి.సి.ఆర్. లేనిచోట మార్పిడి తప్పనిసరి.

3. సి.డి. దశ:
1993లో రూపొందిన వి.సి.డి. ప్రమాణంలో చిత్రం 352×288 పిక్సెళ్ళకు కుదించుకుపోయింది. నిలువున సగం వివరమే మిగిలింది. సెకనుకు 50 ఫీల్డులుగా ఉన్న కదలిక 25 ఫ్రేములకు తగ్గింది. దృశ్యానికి కేటాయించిన బిట్‌రేటు సెకనుకు సుమారు 1,150 కిలోబిట్లు. ఇది 25 మెగాబిట్ల మినీ డి.వి. టేపులో ఇరవయ్యో వంతు కన్నా తక్కువ. కదలిక తక్కువగా ఉండే దృశ్యం కొంత నిలిచినా, వెలుగులు, నృత్యం నిండిన బరాత్ దృశ్యం గళ్ళుగళ్ళుగా విచ్ఛిన్నమవుతుంది. 74 నిమిషాల పరిమితి వల్ల మూడు గంటల క్యాసెట్‌కు మూడు డిస్కులు కావలసివచ్చేవి. వి.సి.డి. చేయించి అసలు క్యాసెట్‌ను పారవేసిన కుటుంబం, పోయిన వివరాన్ని ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ తిరిగి పొందలేదు.

4. మిక్సింగ్ దశ – రెండు ప్రధాన దోషాలు:
వీడియోగ్రాఫర్లు ఎడిటింగ్‌ను 'మిక్సింగ్' అని వ్యవహరిస్తారు. ఎడియస్, ప్రీమియర్ వంటి సాఫ్ట్‌వేర్లలో పాత టేపును చేర్చినపుడు రెండు దోషాలు తరచుగా ఎదురవుతాయి.

4.1 ఫీల్డుల క్రమం: డి.వి. టేపులో కింది ఫీల్డు ముందు వస్తుంది, ఇంటర్‌లేస్డ్ హెచ్.డి.లో పై ఫీల్డు ముందు వస్తుంది. సెట్టింగ్ తారుమారైతే నడిచే మనిషి ముందుకూ వెనక్కూ వణుకుతున్నట్లు కనిపిస్తాడు. అసలు ఫైలు ఉంటే క్లిప్ లక్షణాల్లో క్రమాన్ని మార్చి సరిదిద్దవచ్చు. ఫీల్డులను వేరుచేయకుండానే చిత్రం పరిమాణం మార్చి కొత్త ఫైలుగా రెండర్ చేస్తే, రెండు ఫీల్డుల గీతలు కలిసిపోయి నష్టం శాశ్వతమవుతుంది.

4.2 చిత్ర నిష్పత్తి: 4:3 చిత్రానికీ 16:9 చిత్రానికీ పాల్ డి.వి.లో 720×576 పిక్సెళ్ళే ఉంటాయి. పిక్సెల్ ఆకారం మాత్రమే మారుతుంది. 4:3 చిత్రాన్ని 1920×1080 తెర నిండా సాగదీస్తే ముఖాలు వెడల్పవుతాయి. దానిని 1440×1080గా ఉంచి, ఇరువైపులా నల్లపట్టీలు వదలడమే సరైన పద్ధతి.

5. యూట్యూబ్ దశ:
2012లో జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ ప్రారంభించిన 'మై విలేజ్ షో' ఈ ప్రాంత మాటను, గంగవ్వ వంటి గ్రామీణ మహిళను తెలుగు ప్రేక్షకలోకానికి పరిచయం చేసింది. 2016 సెప్టెంబరులో జియో సేవలు మొదలయ్యాక చౌకైన డేటా వల్ల ఇలాంటి వీడియోల వీక్షణ విస్తరించింది. ఇదే కాలంలో ఫోన్ చిత్రీకరణ కొత్త చిక్కును తెచ్చింది. అనేక ఫోన్లు ఫ్రేముల వేగాన్ని స్థిరంగా ఉంచవు. అటువంటి ఫైలును 25 ఫ్రేముల టైమ్‌లైన్‌లో నేరుగా వాడితే పెదవుల కదలికకూ మాటకూ పొంతన క్రమంగా తప్పవచ్చు. ముందుగా స్థిర వేగానికి మార్చుకోవడం దీనికి పరిష్కారం. మాండలిక పరిశోధకులకు ఈ దోషం కీలకమైనది. ఎవరు, ఎప్పుడు, ఏ హావభావంతో మాట్లాడారన్నది ఇక్కడ తారుమారవుతుంది.

6. ముగింపు:
• గళ్ళు, వణుకు, సాగిన ముఖం, తప్పిన మాట – ఇవి వీడియో ఏ దశలో, ఏ మార్పిడికి లోనైందో సూచించే ఆధారాలు కూడా.
• కుటుంబాల నుండి సేకరించే క్యాసెట్లను రెండు ఫీల్డులతో, అధిక బిట్‌రేటుతో డిజిటల్ రూపంలోకి తెచ్చి, ఆ మూలప్రతిని మార్చకుండా భద్రపరచాలి. దిద్దుబాట్లు నకలులోనే చేయాలి.
• వాడిన యంత్రం, ఫీల్డుల క్రమం, చిత్ర నిష్పత్తి, ఫ్రేముల వేగం వంటి వివరాలను వీడియోతోపాటు నమోదు చేయాలి. తాళపత్రానికి లేఖక వివరాలు ఎంత ముఖ్యమో క్యాసెట్‌కు ఇవి అంత ముఖ్యం.
• అయస్కాంత టేపు కాలంతోపాటు క్షీణిస్తుంది; వి.సి.ఆర్.ల తయారీ ప్రపంచవ్యాప్తంగా 2016లోనే నిలిచిపోయింది. కనుక ఈ ప్రాంత కళాశాలల చరిత్ర, తెలుగు శాఖలు ఈ సేకరణను ఆలస్యం చేయకుండా చేపట్టవలసి ఉంది.