థరూర్ స్పీచ్ అందరూ చూశారు.. మరి ఆ రాత్రి ఓట్లు ఎలా పడ్డాయి?

వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్న వీడియో అది. బ్రిటన్ గడ్డ మీద నిలబడి, బ్రిటిష్ పాలన ఇండియాకి ఏం చేసిందో శశి థరూర్ 15 నిమిషాల్లో కడిగేసిన స్పీచ్. మీరు కూడా చూసే ఉంటారు, కనీసం రెండు నిమిషాల క్లిప్ అయినా. కానీ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. అది సన్మాన సభ కాదు, సెమినార్ కాదు. గెలుపోటములు ఓట్లతో తేలే డిబేట్. థరూర్‌కి ఎదురుగా కూర్చుని, ఆయన చెప్పేది తప్పని వాదించిన వాళ్లు కూడా ఆ హాల్లోనే ఉన్నారు.

అసలేం జరిగిందంటే.. 2015 మే 28న ఆక్స్‌ఫర్డ్ యూనియన్‌లో ఒక తీర్మానం పెట్టారు. బ్రిటన్ తన పాత వలస దేశాలకు నష్టపరిహారం బాకీ ఉందా, లేదా అన్నదే పాయింట్. ఉందన్న వాళ్లలో థరూర్‌తో పాటు ఘనా ఆర్థికవేత్త జార్జ్ అయిట్టే కూడా ఉన్నారు. లేదన్న వాళ్లలో బ్రిటన్ మాజీ ఎంపీ రిచర్డ్ ఆటవే ఒకరు. రైల్వేలు వేశాం, ప్రజాస్వామ్యం ఇచ్చాం, ఇప్పుడు ఎయిడ్ కూడా ఇస్తున్నాం.. ఇలాంటి వాదనలన్నింటికీ థరూర్ వరసగా జవాబిచ్చారు. బ్రిటిషర్లు వచ్చేనాటికి ప్రపంచ ఎకానమీలో 23 శాతం ఉన్న ఇండియా వాటా, వాళ్లు వెళ్లేనాటికి 4 శాతం లోపుకి పడిపోయిందన్నారు. చివర్లో ఆయన అడిగింది మాత్రం కోట్ల పౌండ్లు కాదు. తప్పు ఒప్పుకుని, గుర్తుగా ఏడాదికి ఒక్క పౌండ్ చొప్పున 200 ఏళ్లు ఇచ్చినా చాలన్నారు.

రిజల్ట్? 185-56తో తీర్మానం నెగ్గింది. జులైలో వీడియో యూట్యూబ్‌లోకి వచ్చాక ఇక్కడ ఒకటే సంచలనం. థరూర్ కాంగ్రెస్ ఎంపీ అయినా ప్రధాని మోదీ బహిరంగంగానే మెచ్చుకున్నారు. ఆ స్పీచే తర్వాత 'ఎన్ ఎరా ఆఫ్ డార్క్‌నెస్' పుస్తకం అయింది.

ఇంతకీ ఈ యూనియన్ ఏంటి?

1823లో మొదలైన స్టూడెంట్ సొసైటీ. పేరులో ఆక్స్‌ఫర్డ్ ఉన్నా యూనివర్సిటీలో భాగం కాదు, విడి సంస్థ. ప్రెసిడెంట్ కూడా స్టూడెంటే. 1934లో ఆ కుర్చీలో కూర్చున్న మొదటి భారతీయుడు డి.ఎఫ్.కరాకా. అమ్మాయిలకు మాత్రం 1963 వరకు పూర్తి మెంబర్‌షిప్ లేదు. తర్వాత పాకిస్తాన్ ప్రధాని అయిన బెనజీర్ భుట్టో 1977లో ఇక్కడ ప్రెసిడెంట్‌గా చేశారు.

రూల్స్ సింపుల్. ఒకరు తీర్మానానికి అనుకూలంగా మాట్లాడితే తర్వాతి వాళ్లు వ్యతిరేకంగా మాట్లాడాలి. మధ్యలో ఎవరైనా లేచి 'పాయింట్ ఆఫ్ ఇన్ఫర్మేషన్' అడగొచ్చు. దానికి చాన్స్ ఇవ్వాలా వద్దా అన్నది మాట్లాడే వాళ్ల ఇష్టం. నాలుగు విండోల్లో నలుగురూ ఒకేసారి అరవడం కుదరదన్నమాట (ఈ విషయంలో మన న్యూస్ చానళ్లు చెప్పుకోడానికి ఏమీ లేదు). అంతా అయ్యాక మెంబర్లు 'అవును', 'కాదు' అని రాసి ఉన్న దారుల్లోంచి బయటికి నడుస్తారు. ఎవరు ఎటు నడిస్తే అదే వాళ్ల ఓటు.

దేశాన్ని ఊపేసిన ఒక ఓటు

ఈ హాల్లో అన్నిటికన్నా పెద్ద గొడవ 1933 ఫిబ్రవరి 9 నాటిది. జర్మనీలో హిట్లర్ చాన్సలర్ అయి అప్పటికి పది రోజులే. ఎట్టి పరిస్థితుల్లోనూ రాజు కోసం, దేశం కోసం యుద్ధం చేయబోమన్న తీర్మానం 275-153తో నెగ్గింది. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్షల మంది కుర్రాళ్లు పోయి అప్పటికి 15 ఏళ్లే అయింది. ఆ బాధ ఆ ఓటులో ఉంది. కానీ బయట జనం భగ్గుమన్నారు. పిరికితనానికి గుర్తుగా తెల్ల ఈకలు 275 లెక్కపెట్టి మరీ యూనియన్‌కి పంపించారు.

కొన్ని వారాల్లోనే విన్‌స్టన్ చర్చిల్ కొడుకు రాండాల్ఫ్ వచ్చి, ఆ తీర్మానాన్ని రికార్డుల్లోంచే తీసేయాలని ఇంకో తీర్మానం పెట్టారు. అది 750-138తో చిత్తుగా ఓడింది. ఈ లెక్క ఒకసారి మళ్లీ చూడండి. యుద్ధం వద్దన్నది 275 మంది, ఆ మాట రికార్డులో ఉండాల్సిందే అన్నది 750 మంది. ఆ ఓటు చూసే హిట్లర్‌కి ధైర్యం వచ్చిందన్న వాదన తర్వాత చాలాకాలం నడిచింది. చరిత్రకారుల్లో చాలామంది దీన్ని ఒప్పుకోరు. 1939లో యుద్ధం వచ్చినప్పుడు అదే తరం కుర్రాళ్లు సైన్యంలో చేరారు.

దోహాలో బటన్ నొక్కి..

ఇదే పద్ధతిని గల్ఫ్‌కి తీసుకెళ్లింది 'దోహా డిబేట్స్'. ఖతార్ ఫౌండేషన్ డబ్బుతో 2004లో మొదలైంది. బీబీసీ 'హార్డ్‌టాక్' ఫేమ్ టిమ్ సెబాస్టియన్ నడిపేవారు. పాలస్తీనా, ఇరాక్, అరబ్ ప్రభుత్వాల తీరు.. ఇంట్లో కూడా గొంతు తగ్గించి మాట్లాడుకునే టాపిక్స్ మీద స్టూడెంట్స్ లేచి గెస్టుల్ని నేరుగా అడిగేవారు. చివర్లో బటన్ నొక్కి ఓటేసేవారు. ఖతార్‌లో షూరా కౌన్సిల్‌కి ఎన్నికలు జరిగింది 2021లో ఒక్కసారే. అదీ 45 సీట్లలో 30కే. 2024 రిఫరెండంతో ఆ ఎన్నికలు కూడా తీసేశారు. టీవీ స్టూడియోలో దొరికిన ఓటు దేశం బయట చాలానే వినిపించింది, సొంత దేశంలో మాత్రం బ్యాలెట్ దాకా వెళ్లలేకపోయింది.

కెనడాలో 2008 నుంచి నడుస్తున్న మంక్ డిబేట్స్‌లో రూల్ ఇంకాస్త గమ్మత్తు. డిబేట్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఓటింగ్ పెడతారు. ఎక్కువ ఓట్లు వచ్చిన వాళ్లు కాదు, ఎక్కువ మంది మనసు మార్చిన వాళ్లే విన్నర్.

మళ్లీ 2015కి వస్తే.. నష్టపరిహారం మీద అంత పెద్ద చర్చ జరిగిన ఆ రాత్రే యూనియన్‌లో 'కలోనియల్ కమ్‌బ్యాక్' పేరుతో ఒక కాక్‌టెయిల్ అమ్మారు. దాని పోస్టర్ మీద సంకెళ్లు వేసిన చేతుల బొమ్మ! స్టూడెంట్స్ నుంచి గట్టిగా నిరసన వచ్చింది. చివరికి తమ సంస్థలోనే జాతి వివక్ష ఉందని ఒప్పుకుంటూ యూనియన్ కమిటీ తీర్మానం చేయాల్సి వచ్చింది. ఆ పోస్టర్ సంగతి మన దగ్గర వైరల్ కాలేదు. థరూర్ క్లిప్ ఒక్కటే అయింది.

యూనియన్ తన యూట్యూబ్ చానల్లో డిబేట్‌ని ఒక్కో స్పీకర్‌కి ఒక్కో వీడియోగా పెడుతుంది. అందుకే ఒకరి మాట లక్షల ఫోన్లకు చేరుతుంది, ఎదుటివాళ్ల మాట అక్కడే ఉండిపోతుంది. ఈసారి థరూర్ వీడియో కనిపిస్తే, పక్కనే ఆటవే పేరు కూడా సెర్చ్ చేసి చూడండి.