కప్పతల్లి కాపురం

వానలు మొహం చాటేస్తే మన పల్లెల్లో ఆడవాళ్ళు ఏం చేసేవారో గుర్తుందా? రోకలికి వేపరెమ్మలు కట్టి, మధ్యన గుడ్డలో ఓ కప్పని మూటగట్టి, పాటలు పాడుతూ ఇంటింటికీ తిరిగేవారు. ప్రతి ఇల్లాలూ దానిమీద బిందెడు నీళ్ళు గుమ్మరించేది. అదే కప్పతల్లి! నాకు మాత్రం ఆ మూటలోని ప్రాణిమీదే జాలి.

తల్లీ అంటూనే కాళ్ళు అమ్ముకున్నాం కూడా. యూరపు, అమెరికా హోటళ్ళకి కప్పకాళ్ళు ఎగుమతి చేసిన దేశం మనది! పొలంలో పురుగుల్ని తినే కప్పే పోతే ఇక మందుడబ్బాలే గతి అన్న గోల లేచాక, 1987లో ఆ వ్యాపారం నిషేధించారు.

సరే, కాళ్ళు దక్కాయి. మరి ఇల్లో?

రామప్ప, పాకాల చెరువులు 13వ శతాబ్దంలో, గణపతిదేవుడి కాలంలో తవ్వినవి. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులే ట్రాక్టర్లు తెచ్చుకుని పాత చెరువుల ఒండ్రుమట్టి పొలాలకి తోలుకున్నారు. అదంతా వరికోసం, బావుల్లో ఊటకోసం. కప్పనెవరు తలుచుకుంటారు చెప్పండి?

దానికి లోతక్కర్లేదు. ఒడ్డున జానెడు నీళ్ళు, కాస్త గడ్డి చాలు, గుడ్లు పెట్టుకుంటుంది. లోతునీళ్ళలో అయితే తోకతో ఈదే పసికూనల్ని చేపలు మింగేస్తాయి. మట్టి తవ్వేవాళ్ళు ఓవైపు ఒడ్డు నిటారుగా చెక్కకుండా ఏటవాలుగా వదిలితే సరి, పైసా ఖర్చు లేదు.

కొన్ని పట్టణాల్లో చెరువుగట్టుని మినీ ట్యాంక్‌బండ్ చేసి నడకదారీ, దీపాలూ పెట్టారు. అలాంటి ఓ గట్టుమీద తొలకరి రాత్రి కాసేపు కూచున్నాను. బెకబెకలు వినబడ్డాయి. దీపాల దగ్గర కాదు, అవతల ఇంకా రాయి పరవని మట్టి ఒడ్డు వైపునుంచి.