తాళము మార్చిన వారు

ఇంటికి తాళము వేసికొనువారు దానిని విప్పి చూడగోరుట అరుదు. కాని అది చెడినపుడు విప్పుటకు, బాగుచేసికొనుటకు తమకు అధికారము లేదని తెలిసినచో ఏమి చేయవలెను? 1999లో ఓపెన్‌బీఎస్‌డీ అను కంప్యూటరు నిర్వహణ వ్యవస్థ నిర్మాతలకు ఈ ప్రశ్నయే ఎదురైనది. కెనడాలోని కాల్గరీ నగరము కేంద్రముగా సాగుచుండిన ఆ వ్యవస్థ మూలరచనను ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును. ఆ నియమమే దానికి ప్రాణము.

కథకు ఆరంభము ఫిన్లాండులో. దూరముననున్న కంప్యూటరును నడుపుటకు అప్పట్లో టెల్‌నెట్, ఆర్‌లాగిన్ అను సాధనములు వాడుకలో ఉండెడివి. వానిలో రహస్యపదము కార్డు మీద వ్రాసిన జాబు వలె దారి పొడుగునా బాహాటముగా పోయెడిది. హెల్సింకీ సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో పొంచియుండి అట్టి పదములను అపహరించినారు. అంతట అక్కడి పరిశోధకులు తాతు యులోనెన్ 1995లో ఎస్‌ఎస్‌హెచ్ అను రక్షణ పద్ధతిని రూపొందించినారు. ఇందులో ఇరువైపుల నడుమ నడచు ప్రతి మాటయు గూఢలిపిలో పోవును.

తొలి సంచికలు ఉదారమైన షరతులతో వెలువడినవి. తరువాతివానికి లైసెన్సు నిబంధనలు బిగిసినవి. తమ నియమమునకు సరిపడునది ఏదని ఓపెన్‌బీఎస్‌డీ వారు వెదకగా, 1.2.12 అను పాత సంచిక వరకే ఆ స్వేచ్ఛ మిగిలియుండెను. బ్యోర్న్ గ్రోన్‌వాల్ అనువారు అప్పటికే దాని దోషములను సవరించుచుండిరి. ఆ సంవత్సరము సెప్టెంబరులో థియో డి రాట్, మార్కస్ ఫ్రీడల్, నీల్స్ ప్రోవోస్ మొదలగువారు ఆ ప్రతిని స్వీకరించినారు. పేటెంటుకు లోబడిన గూఢలిపి పద్ధతిని తొలగించినారు. తమకు సమ్మతము కాని షరతులు గల గణిత భాగములకు బదులు వేరువానిని అమర్చినారు. రెండు నెలలు దాటునప్పటికి, డిసెంబరు 1న, ఓపెన్‌బీఎస్‌డీ 2.6తో పాటు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ లోకమునకు అందినది.

పని అంతటితో తీరలేదు. సందేశమును దారిలో ఎవరును మార్చలేదని నిర్ధారించు లెక్క మొదటి పద్ధతిలో బలహీనమైనది. కావున 2000 జూన్‌లో రెండవ పద్ధతిని చేర్చినారు. పాతదానిని పూర్తిగా తొలగించుటకు 2017 వరకు పట్టినది. వాడుకలోనున్న తాళమును మార్చుట ఎంత నిదానమైన పనియో దీనివలన తెలియును.

క్రొత్త తాళమును దోషరహితము కాదు. 2002 జూన్‌లో దానిలోనే ఒక ప్రమాదకరమైన లోపము బయటపడినది. అయితే ఆ సంవత్సరమే దాని నిర్మాణములో ఒక మార్పు వచ్చియుండెను. అపరిచితులతో మాటలాడు భాగమునకు సర్వాధికారములు ఈయక, దానిని వేరుచేసి ఉంచినారు. వీధి వాకిట నిలుచు కావలివానికి ఖజానా తాళపుచెవి ఈయకుండుట వంటిదే ఇది. ఈ కట్టడి అమలులోనున్న చోట ఆ లోపము వలని ముప్పు తగ్గినది. లోపమును ప్రకటించి, సవరించిన సంచికను ఆ నెలలోనే వెలువరించినారు.

ఏ తాళమును ఎన్నటికిని పగులదని ఎవరును మాట ఈయజాలరు. చెడిననాడు దానిని విప్పి చూచు అధికారము గృహస్థునకు ఉండవలెను. ఆ పాత ప్రతి నుండి తిరిగి మొదలుపెట్టినవారు కాపాడినది ఆ అధికారమును.