భర్మారు నింపేంతసేపు

మల్లు స్వరాజ్యం ఆత్మకథ పేరు 'నా మాటే తుపాకీ తూటా'. మంచి పేరు. కానీ చదివినప్పుడల్లా నాకో చిన్న చిక్కు. మా తాత చెప్పిన తుపాకికి తూటాయే లేదు.

మాది సూర్యాపేట దగ్గర పల్లె. అప్పట్లో అది నల్లగొండ జిల్లా. 1947లో తాతకి పదమూడేళ్లు. దళం ఊరి బయట ఆగితే సద్ది మూట మోసుకుపోయేవాడట. వాళ్ల భుజాల మీద ఉన్నది భర్మారు. ఉర్దూలో భర్ అంటే నింపు, మార్ అంటే కొట్టు. వాడే పద్ధతంతా పేరులోనే ఉంది.

ముందు గొట్టం మూతిలోంచి మందు పోయాలి. మందంటే సురేకారం, బొగ్గు, గంధకం. తర్వాత గుడ్డపీలికో పీచో కుక్కాలి, సీసపు గుండ్లు వేయాలి, మళ్లీ కుక్కి కడ్డీతో దట్టించాలి. అంతకుముందు తరం తుపాకుల్లో చెకుముకి రాయి ఉక్కుకి తగిలి నిప్పురవ్వ రాలేది. 17వ శతాబ్దంలో ఫ్రాన్స్‌లో కుదురుకున్న ఆ ఏర్పాటు రెండొందల ఏళ్లు సైన్యాలను నడిపింది. 19వ శతాబ్దంలో రాయి పోయి, దెబ్బకు పేలే చిన్న రాగిటోపీ వచ్చింది. నింపడం మాత్రం మారలేదు. మందు చెమ్మగిల్లిందా, ఆ పూటకి అది ఉత్త ఇనుప కర్రే.

"ఒక్కటి కొడితె మల్ల నింపేదాక ఉరుకుడే బిడ్డా" అనేవాడు తాత, నవ్వుతూ. నేనూ నవ్వేవాణ్ని. ఆ వ్యవధి ఎంతో లెక్కేసుకున్నాక నవ్వు రాలేదు. తర్ఫీదున్న సైనికుడే అలాంటి తుపాకితో నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చేవాడు. నిన్నటిదాకా నాగలి పట్టినవాడి సంగతేంటి?

ఈ ప్రశ్నతో చూస్తే వడిసెల, కారప్పొడి నాకు వేరేగా కనిపించాయి. వాటిని మనం జానపద అలంకారాల్లా రాస్తుంటాం. ఒక భర్మారు నిండేలోపు పదిమంది రాళ్లు విసరగలరు. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకి గుండుకి పడిపోయిననాడు ఊరేగింపు చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలే. భర్మారు వచ్చాక కూడా అవి పక్కకి పోలేదంటే, తుపాకి ఒంటరిగా చాలదు కాబట్టే అనుకుంటాను.

గడీ గూండాల మీద, రజాకార్ల మీద ఊరంతా తోడుంటే అది సరిపోయింది. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది. వాళ్ల చేతుల్లో పది తూటాలు పట్టే .303 రైఫిళ్లు. పోరాటం ఆపాలని రావి నారాయణరెడ్డి వాదించాడు. అయినా 1951 అక్టోబర్ దాకా సాగింది. పుచ్చలపల్లి సుందరయ్య లెక్కలో మొత్తం పోరాటంలో చనిపోయినవాళ్లు నాలుగు వేలమంది. 1952లో నల్లగొండ జనం రావి నారాయణరెడ్డిని నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకి పంపారు.

కాలేజీలో ఉండగా ఆ చివరి మూడేళ్లని వీరగాథగా చదివాను. ఆపమన్నవాణ్ని పిరికివాడనుకున్నాను. ఇప్పుడలా అనలేను. వాళ్ల ధైర్యం తక్కువైందని కాదు. రైఫిల్ ఎదుట కూర్చుని మందు దట్టిస్తున్న మనిషిని ఊహించుకున్నాక, ఇంకొన్నాళ్లు పోరాడాల్సిందని తీర్పు చెప్పడం నాకు కష్టమైంది.

తాతని ఓసారి అడిగాను, సైన్యం వచ్చాక దళం వాళ్లు ఏమయ్యారని. "ఉరికిండ్రు" అన్నాడు. ఈసారి నవ్వలేదు.