విటమిన్ డి, ఉద్దానం మూత్రపిండ వ్యాధి

విటమిన్ డి ప్రధానంగా ఎండ వల్ల ఒంట్లోనే తయారవుతుంది. అతినీలలోహిత కిరణాలు తగిలినప్పుడు చర్మంలో పుట్టే డి3ని కాలేయం ఒకసారి, మూత్రపిండాలు మరోసారి మారుస్తాయి. ఈ రెండో మార్పుతో వచ్చే కాల్సిట్రయాల్ వల్లే పేగులు కాల్షియాన్ని, భాస్వరాన్ని బాగా పీల్చుకుంటాయి, ఎముకలు గట్టిపడతాయి. విటమిన్ చాలకపోతే పిల్లలకు రికెట్స్ వచ్చి కాళ్లు వంకర తిరుగుతాయి. పెద్దల ఎముకలు మెత్తబడతాయి.

రికెట్స్‌ను కాడ్ చేప కాలేయ నూనె అడ్డుకుంటుందని బ్రిటన్‌లో మెలన్బీ, అతినీలలోహిత దీపం నయం చేస్తుందని బెర్లిన్‌లో హుల్డ్‌షిన్స్కీ 1919లో చూపారు. ఆ నూనెలోని పదార్థం విటమిన్ ఎ కాదని 1922లో అమెరికాలో మెకాలమ్ బృందం తేల్చింది. తుది మార్పు మూత్రపిండాల్లోనే జరుగుతుందని 1970లో కేంబ్రిడ్జిలో ఫ్రేజర్, కోడిచెక్ కనుగొన్నారు. ఉద్దానం ఉన్న శ్రీకాకుళం జిల్లాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఈ చివరిదే.

ఎండ కాసే చోట విటమిన్ డి లోపం ఉండదన్న నమ్మకం నిలవలేదు. 2000ల దశకంలో తిరుపతి శ్రీ వెంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ పరిశోధకులు పరీక్షించినప్పుడు, పట్టణవాసుల కంటే మెరుగే అయినా, పొలం పనులు చేసే పల్లెవాసుల్లోనూ చాలామందికి విటమిన్ డి తక్కువగానే ఉంది.

ఉద్దానం సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విస్తరించిన ఈ కొబ్బరి, జీడి తోటల సీమలో మధుమేహం, రక్తపోటు లేనివారికీ మూత్రపిండాలు పాడవుతున్నాయి. వ్యాధి మూలం ఇంకా నిర్ధారణ కాలేదు. విటమిన్ డి లోపమే దానికి కారణమనడానికి ఆధారం లేదు. ఇక్కడ వ్యాధి ముందు, లోపం తరువాత. పగలంతా తోటలో ఎండకు పనిచేసే మనిషి చర్మం తన పని తాను చేస్తుంది. దెబ్బతిన్న మూత్రపిండం దగ్గర తుది మార్పు ఆగిపోతుంది. రక్తంలో కాల్షియం తగ్గి, భాస్వరం పేరుకుంటుంది. దాంతో మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోన్‌ను అతిగా విడుదల చేసి ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయి. ఎముకల నొప్పులు, కండరాల నీరసం, విడవని దురద పట్టుకుంటాయి. చిన్న దెబ్బకే ఎముక విరగవచ్చు.

మామూలు డి3 మాత్రలు ఈ దశలో తరచూ చాలవు. అవసరమైనవారికి వైద్యులు కాల్సిట్రయాల్‌నే ఇస్తారు. తిండిలోని భాస్వరాన్ని పట్టి ఉంచే మాత్రలను భోజనంతోపాటు వేసుకోమంటారు. సొంతంగా మోతాదు పెంచుకోవడం ప్రమాదం: మితిమీరిన కాల్షియం రక్తనాళాల గోడల్లో పేరుకుంటుంది. తీరంలో దొరికే కవళ్లు అనే చేపలు విటమిన్ డికి మంచి ఆధారమే, కానీ ముళ్లతో సహా తినే ఎండుచేపల్లో భాస్వరమూ ఉప్పూ ఎక్కువ. రోగులు వాటిని తగ్గించుకోవాలి.

పలాసలో 200 పడకల ఆసుపత్రి, మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. చికిత్స దగ్గరికొచ్చినా, డయాలసిస్ భాస్వరాన్ని కొంతవరకే తీయగలదు, కనుక మందులు ఆపకూడదు. మార్పిడి జరిగితే కొత్త మూత్రపిండం కాల్సిట్రయాల్ తయారీ అందుకుంటుంది; పారాథైరాయిడ్ గ్రంథులు సద్దుమణగడానికి మాత్రం నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది.